ఏది ముందు, ఏది తరువాత?

సౌదీ అరేబియాలో కాపురముంటున్న తెలుగు ఇంటి గోడకు ఒక్క క్యాలెండరు చాలదు. పాస్‌పోర్టు గడువు, పిల్లల పరీక్షలు, విమానం టిక్కెట్లు ఇంగ్లీషు తేదీలలో ఉంటాయి. ఇఖామా గడువును మనమందరం చాలాకాలం హిజ్రీ తేదీలలో లెక్కపెట్టుకొన్నవాళ్లమే. ఇక ఉగాది ఎప్పుడు, తద్దినం ఏ తిథినాడు పెట్టాలి అన్న ప్రశ్న వస్తే ఊరినుండి తెప్పించుకొన్న పంచాంగం తీయవలసిందే. మూడు కాలగణనల మధ్య మన గృహిణులు తడబడకుండా సంసారం నడుపుతున్నారు. తడబడేది కంప్యూటరు. అది తడబడినప్పుడు మనకు చెప్పదు. తప్పు వరుసను కూడ సరియైన వరుస అన్నంత ధీమాగా అచ్చువేసి చేతికిస్తుంది.

ఈ మాట అనుభవపూర్వకంగా చెబుతున్నాను. 2016లో నేను జుబైల్‌లో పనిచేస్తుండగా కాకినాడలో ఉన్న మా నాన్నగారికి చక్కెర వ్యాధి ఎక్కువైంది. జనవరి 1 నుండి ఏప్రిల్ 30 వరకు ప్రతిరోజు మధ్యాహ్నం ఫోను చేసి, పరగడుపున చక్కెర ఎంత ఉన్నది, ఏ మాత్రలు వేసుకొన్నారు, ఏమి తిన్నారు అని అడిగి ఒక చిన్న ఫైలులో వ్రాసుకొనేవాడిని. రోజుకొక ఫైలు చొప్పున నాలుగు నెలలకు 121 ఫైళ్లు తయారైనవి. మే నెలలో సెలవుపై వెళ్లి, వాటినన్నిటిని తేదీ వరుసలో ఒకే ఫైలుగా కలిపి, అచ్చువేసి, డాక్టరుగారికి చూపించాలని నా ఉద్దేశం.

కలపడానికి ఐదారు పంక్తుల ఆజ్ఞలు చాలినవి. అర నిమిషంలో పని పూర్తయింది. ఆస్పత్రికి వెళ్లే ముందురోజు రాత్రి నాన్నగారు ఆ కాగితాలు తిరగవేసి, కళ్లద్దాలు పైకి నెట్టుకొని, "ఒరేయ్, శివరాత్రి ఉపవాసం ముందు వచ్చింది, సంక్రాంతి అరిసెలు తరువాత వచ్చినవి. మీ దేశంలో పండుగలు ఇట్లా వస్తాయా?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసం.

ఆజ్ఞల మూట

మొదట పరికరం సంగతి చూద్దాం. అక్షరాలు తప్ప మరే అలంకారము లేని ఫైలును టెక్స్టు ఫైలు అంటారు. అందులో రంగులు, బొమ్మలు, అక్షరాల సైజులు ఉండవు. ఒక అక్షరం తరువాత ఒక అక్షరం, పంక్తి చివర ఒక గుర్తు, అంతే. అందుచేత రెండు టెక్స్టు ఫైళ్లను కలపడమంటే ఒకదాని చివర రెండవదాన్ని తగిలించడమే. పూలదండకు మరొక దండను ముడివేసినట్లు.

ఈ పనిని చేతితో చేయవచ్చు. ఒక్కొక్క ఫైలును తెరిచి, నకలు తీసి, పెద్ద ఫైలులో అతికిస్తూ పోవచ్చు. పదింటికి సరే. నూట ఇరవై ఒకటింటికి మధ్యలో ఫోను మ్రోగితే ఎక్కడ ఆపామో మరచిపోతాం. ఇటువంటి పనులకోసమే బ్యాచి ఫైలు ఉన్నది. పూర్వం చిల్లులు పొడిచిన కార్డుల మీద పనులను వ్రాసి, వాటిని కట్టలు కట్టి, ఒక్కసారిగా యంత్రానికి అప్పగించేవారు. ఆ కట్టకే బ్యాచి అని పేరు. 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటరుతోపాటు వచ్చిన డాస్ ఆ మాటను నిలుపుకొన్నది. మనం ఒకటొకటిగా టైపు చేయవలసిన ఆజ్ఞలను వరుసగా ఒక ఫైలులో వ్రాసి ఉంచితే, ఆ ఫైలు పేరు చెప్పగానే కంప్యూటరు వాటిని పైనుండి క్రిందికి నెరవేరుస్తుంది. ఈనాటి విండోస్‌లో కూడ ఈ సదుపాయం ఉన్నది.

నా బ్యాచి ఫైలు చేసిన పని ఇది. మొదట, పాత ఫలితం ఏదైనా మిగిలి ఉంటే చెరిపివేయడం. తరువాత, డిర్ అనే ఆజ్ఞతో ఫోల్డరులోని ఫైళ్ల పేర్ల జాబితాను వరుసగా తెప్పించడం. ఆ జాబితాలోని ఒక్కొక్క పేరును ఫర్ అనే ఆజ్ఞతో అందుకొని, ఆ పేరును శీర్షికగా వ్రాసి, దాని క్రింద ఫైలులోని విషయాన్ని పెద్ద ఫైలు చివర చేర్చడం. చేర్చడానికి >> అనే జంట గుర్తు వాడాలి. ఒంటి గుర్తు > వాడితే, చేర్చడానికి బదులు ముందున్నదంతా తుడిచివేసి కొత్తగా వ్రాస్తుంది. చివరికి ఆఖరి ఫైలు ఒక్కటే మిగులుతుంది.

ఇందులో కష్టమైన మాట ఒక్కటే. అది "వరుసగా" అన్న మాట.

నిఘంటువు వరుస, అంకెల వరుస

ఫైళ్లను పేరునుబట్టి వరుసలో పెట్టమంటే కంప్యూటరు నిఘంటువు పద్ధతిని అనుసరిస్తుంది. ఎడమవైపునుండి మొదటి అక్షరాన్ని పోలుస్తుంది. అవి సమానమైతేనే రెండవ అక్షరానికి వెళుతుంది. మాటలకు ఇది చక్కగా సరిపోతుంది. అంకెలకు సరిపోదు. 1 నుండి 12 వరకు పేర్లు పెట్టిన పన్నెండు ఫైళ్లను ఈ పద్ధతిలో పేర్చితే 1, 10, 11, 12, 2, 3 అని వస్తాయి. 10లోని మొదటి అక్షరం 1 గనుక అది 2 కంటె ముందు నిలబడుతుంది. పది అనే విలువ కంప్యూటరు ఇక్కడ చూడటం లేదు. ఒకటి, సున్న అనే రెండు ఆకారాలను చూస్తున్నది. దీనికి మందు అందరికీ తెలిసినదే. 2 అని కాక 02 అని వ్రాస్తే సరి.

ఇక్కడ ఒక తిరకాసు ఉన్నది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నుండి, ఫోల్డరును తెరిచినప్పుడు కిటికీలో కనిపించే జాబితా మాత్రం అంకెల విలువను గమనించి 2 తరువాతనే 10ని చూపిస్తుంది. కాని బ్యాచి ఫైలుకు అందే జాబితా ఆ తెలివి లేనిది. కంటికి కనిపించిన వరుస ఒకటి, కలిసిన వరుస మరొకటి అవుతుంది.

తేదీల విషయంలో చిక్కు ఇంకొంచెం లోతైనది. మనం 15-01-2016 అని, రోజు, నెల, సంవత్సరం క్రమంలో వ్రాస్తాం. చిన్నదానితో మొదలుపెట్టడం మనకు కొత్త కాదు. మన శాసనాలలో కొన్నిచోట్ల శక సంవత్సరాన్ని మాటలతో చెప్పేవారు. ఆకాశమంటే సున్న, చంద్రుడంటే ఒకటి, నేత్రాలంటే రెండు, వేదాలంటే నాలుగు. ఆ మాటలను ఒకట్ల స్థానంతో ప్రారంభించి, పదులు, వందలు అనుకొంటూ ఎడమకు నడపాలి. చదివే పండితునికి ఇబ్బంది లేదు. కాని అటువంటి పేర్లను ఎడమనుండి పోల్చే యంత్రానికి అప్పగిస్తే, జనవరి 1, ఫిబ్రవరి 1, మార్చి 1, ఏప్రిల్ 1 అన్నీ ఒకచోట చేరి, ఆ తరువాత అన్ని నెలల రెండవ తారీఖులు వస్తాయి. అమెరికావారు నెలను ముందు వ్రాస్తారు. అప్పుడు ఒక సంవత్సరంలోపల వరుస కుదురుతుంది గాని, సంవత్సరం మారగానే రెండు జనవరులు కలిసిపోతాయి.

సంవత్సరం ముందు, నెల తరువాత, రోజు చివర. నెలకు, రోజుకు ఎప్పుడూ రెండేసి అంకెలు. ఇట్లా వ్రాసినప్పుడు మాత్రమే నిఘంటువు వరుస, కాలం వరుస ఒకటవుతాయి. కారణం మన స్థాన విలువల పద్ధతే. వేల స్థానం ఎడమన ఉండబట్టే కదా రెండు సంఖ్యలలో ఏది పెద్దదో ఎడమనుండి పోల్చి చెప్పగలుగుతున్నాం. అదే సూత్రాన్ని తేదీకి అన్వయించి, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1988లో ఐఎస్ఓ 8601 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. దాని ప్రకారం ఆ ఏటి సంక్రాంతి 2016-01-15 అవుతుంది.

నేను ఈ సూత్రం తెలిసినవాడినే. నా ఫైళ్లన్నిటికీ సంవత్సరం, నెల, రోజు క్రమంలోనే పేర్లు పెట్టాను. అయినను శివరాత్రి ముందు ఎందుకు వచ్చింది?

1437 పెద్దదా, 2016 పెద్దదా?

సౌదీలో వారాంతపు సెలవులు 2013 నుండి శుక్ర, శనివారాలు. పనిరోజులలో నేను ఆఫీసు కంప్యూటరులోను, సెలవురోజులలో ఇంటి కంప్యూటరులోను ఫైలు వ్రాసేవాడిని. నేను వ్రాసుకొన్న చిన్న ప్రోగ్రాము ఆనాటి తేదీని కంప్యూటరునే అడిగి, ఆ తేదీనే ఫైలుకు పేరుగా పెట్టేది. సంవత్సరం ముందు వచ్చేట్లు రెండు చోట్లా అమర్చుకొన్నది నేనే. ఒక్క విషయం మరచిపోయాను. విండోస్‌లో ప్రాంతం సౌదీ అరేబియా అని ఎంచుకొంటే, దానితోపాటు హిజ్రీ క్యాలెండరు కూడ వచ్చి కూర్చుంటుంది. ఆఫీసు కంప్యూటరు ప్రాంతం సౌదీ. ఇంటిది ఇండియా. కాబట్టి ఆదివారం మొదలు గురువారం వరకు వ్రాసిన 85 ఫైళ్ల పేర్లు 1437తో, శుక్ర, శనివారాల 36 ఫైళ్ల పేర్లు 2016తో మొదలైనవి.

తరువాత జరిగినది సుళువుగా ఊహించవచ్చు. 1 అనే అక్షరం 2 కంటె ముందుది. జనవరి నుండి ఏప్రిల్ చివరివరకు పనిరోజులన్నీ ముందు వరుసలో నిలబడినవి. అవి పూర్తయిన తరువాత, మరల జనవరి 1 నుండి శుక్ర, శనివారాలు మొదలైనవి. 2016లో సంక్రాంతి జనవరి 15, శుక్రవారం. శివరాత్రి మార్చి 7, సోమవారం. అందుచేతనే ఉపవాసం ముందు, అరిసెలు తరువాత.

నవ్వుకొని ఊరుకొనే విషయమే గాని, ఇందులో మందుల లెక్క ఉన్నది. ఫిబ్రవరి మొదటి సోమవారంనాడు డాక్టరుగారు మాత్ర మోతాదు పెంచారు. అంతకుముందు పరగడుపున రెండువందల దరిదాపులలో ఉన్న చక్కెర, ఏప్రిల్ నాటికి నూట నలభైకి దిగింది. నిజమైన కథ ఇది. కాగితాల మీది కథ వేరు. అందులో మాత్ర పెంచారు, చక్కెర దిగింది, ఆ తరువాత ఏ కారణమూ లేకుండ హఠాత్తుగా మరల రెండువందలకు పెరిగింది. ఆ కాగితాలను త్వరత్వరగా చూచిన ఏ వైద్యునికైనా ఈ మోతాదు చాలదనిపించడం సహజం. మోతాదు అవసరానికి మించితే చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, స్పృహ తప్పే ప్రమాదం పెద్దవయసువారికి ఎంత ఉన్నదో మనకు తెలుసు. ఒక్క అంకె కూడ తప్పు లేదు. ఒక్క ఫైలు కూడ పోలేదు. వరుస మాత్రమే మారింది. ఫలితంగా కార్యకారణాలు తలక్రిందులైనవి.

చంద్రుని లెక్క

హిజ్రీ తేదీని ఇంగ్లీషు తేదీగా మార్చడానికి ఒక స్థిరసంఖ్యను కూడితే సరిపోదా అని పాఠకులు అడగవచ్చు. సరిపోదు. హిజ్రీ సంవత్సరం పూర్తిగా చాంద్రమానం. చంద్రుని ఒక చక్రానికి సగటున 29.53 రోజులు. పన్నెండు నెలలకు సుమారు 354 రోజులు. సూర్యుని సంవత్సరంకంటె ఇది దాదాపు పదకొండు రోజులు తక్కువ. మన తెలుగు నెలలు కూడ చంద్రునివే. అయితే మన పెద్దలు పందొమ్మిది సంవత్సరాలకు దాదాపు ఏడు చొప్పున అధికమాసాలు చేర్చి, చైత్రం ఎప్పుడూ వసంతంలోనే ఉండేట్లు చూచుకొన్నారు. హిజ్రీలో అధికమాసం లేదు. అందుకే రంజాను నెల ఒకప్పుడు ఎండాకాలంలో, మరొకప్పుడు చలికాలంలో వస్తుంది.

ఈ రెండు చాంద్రమానాలు అప్పుడప్పుడు కరచాలనం చేసుకొంటాయి. 2016 ఏప్రిల్ 8న మనకు దుర్ముఖి నామ సంవత్సర ఉగాది. సౌదీ అధికారిక క్యాలెండరు అయిన ఉమ్ అల్-ఖురా ప్రకారం ఆనాడే 1437 రజబు నెల మొదటి తారీఖు. ఇద్దరూ ఒకే అమావాస్యను చూచి నెల మొదలుపెట్టారన్నమాట.

ఉమ్ అల్-ఖురా క్యాలెండరును ముందుగానే గణితం చేసి ప్రకటిస్తారు. హిజ్రీ 1423 నుండి, అనగా 2002 నుండి, దాని నియమం ఇది. నెలలో 29వ రోజున మక్కాలో సూర్యాస్తమయానికి ముందే అమావాస్య ఘడియ దాటి ఉండాలి, చంద్రుడు సూర్యుని తరువాత అస్తమించాలి. రెండూ జరిగితే మరునాడు కొత్త నెల. లేకుంటే నెలకు ముప్పై రోజులు. కాబట్టి ఏ నెలకు 29, ఏ నెలకు 30 అన్నది చిన్న సూత్రంతో తేలదు. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం ఉజ్జాయింపుగా వస్తుంది. 1437కు 2015.9 వస్తుంది. నిజానికి 1437 సంవత్సరం 2015 అక్టోబరు 14న మొదలై, 354 రోజులు నడిచి, 2016 అక్టోబరు 2న 1438కి చోటిచ్చింది. ముచ్చటించుకోవడానికి ఉజ్జాయింపు చాలును. మందుల చీటీకి చాలదు. దానికి నెలల ప్రారంభ తేదీల పట్టిక కావాలి. రజబు 1వ తారీఖు ఏప్రిల్ 8 అని పట్టిక చెబితే, రజబు 10 ఏప్రిల్ 17 అవుతుంది. అప్పుడు 1437-07-10 అనే పేరును 2016-04-17గా మార్చవచ్చు.

ఫైలు వెంట ఉండే తేదీ

పేర్లు వదలివేసి, ప్రతి ఫైలు వెంట కంప్యూటరు తానుగా దాచుకొనే తేదీని నమ్ముకోవచ్చు గదా అన్నది మరొక ఆలోచన. డిర్ ఆజ్ఞకు ఆ సదుపాయం 1991లో వచ్చిన డాస్ ఐదవ కూర్పు నుండి ఉన్నది. ఆ తేదీని దాచే విధానం కూడ ముచ్చటైనది. డాస్ రోజులనుండి వాడుకలో ఉన్న, ఇప్పటికీ చాల పెన్‌డ్రైవులలో కనిపించే ఫ్యాట్ పద్ధతిలో తేదీకి పదహారు బిట్టులు కేటాయించారు. సంవత్సరానికి ఏడు, నెలకు నాలుగు, రోజుకు ఐదు. 1980తో మొదలు గనుక, ఏడు బిట్టులతో 128 సంవత్సరాలు, అనగా 2107 వరకు లెక్క సాగుతుంది. ఇక్కడ కూడ సంవత్సరాన్నే పై స్థానంలో ఉంచారన్నది గమనించండి. అందుచేత ఆ పదహారు బిట్టులను ఒకే సంఖ్యగా పోల్చితే చాలు, ఏ తేదీ ముందో తేలిపోతుంది.

ఈ తేదీలో హిజ్రీ గొడవ లేదు. వేరే గొడవలు ఉన్నవి. అది ఫైలును చివరిసారి మార్చిన తేదీ, సంఘటన జరిగిన తేదీ కాదు. జనవరి ఫైలులో ఒక అక్షరదోషాన్ని ఏప్రిల్‌లో దిద్దితే ఆ ఫైలు ఏప్రిల్‌కు దూకుతుంది. ఈమెయిలు ద్వారా వచ్చిన ఫైలుకు సాధారణంగా దిగుమతి చేసుకొన్న నాటి తేదీయే పడుతుంది. పైగా గడియారాల తేడా ఉన్నది. సౌదీ సమయం గ్రీనిచ్‌కు మూడు గంటలు ముందు. భారత సమయం ఐదున్నర గంటలు ముందు. ఫ్యాట్ పద్ధతి స్థానిక సమయాన్ని దాచుకొంటుంది. ఈనాటి విండోస్ డిస్కులలోని ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి ప్రపంచ ప్రమాణ సమయాన్ని దాచుకొని, చూపేటప్పుడు స్థానిక సమయంగా మార్చి చూపుతుంది. ఆ పద్ధతిలో జుబైల్‌లో జనవరి 15 రాత్రి పదిన్నరకు మూసిన ఫైలును కాకినాడ గడియారం పెట్టుకొని తెరిస్తే, జనవరి 16 అర్ధరాత్రి దాటి ఒంటిగంట అని కనిపిస్తుంది. మూసినది ఒకే క్షణం, తారీఖులు రెండు. కాబట్టి ఫైలు వెంట ఉన్న తేదీ సాక్ష్యానికి పనికివస్తుంది గాని, తీర్పుకు పనికిరాదు.

అతికేచోట వచ్చే చిక్కులు

వరుస కుదిరిన తరువాత అతికే పనిలో నాలుగు జాగ్రత్తలు అవసరం.

మొదటిది, కలిపిన పెద్ద ఫైలును అదే ఫోల్డరులో ఉంచరాదు. రెండవసారి నడిపినప్పుడు అది కూడ కలపవలసిన ఫైళ్లలో ఒకటై, తన తోకను తానే మింగే పాములాగ పెరుగుతుంది.

రెండవది, ఫైలు చివరి పంక్తి తరువాత పంక్తి ముగింపు గుర్తు లేకపోతే, తరువాతి ఫైలు మొదటి పంక్తి దానికే అతుక్కొంటుంది. ఒకరోజు "చక్కెర 14" అని ముగిసి, మరునాడు "2 మాత్రలు" అని మొదలైతే చక్కెర 142 అవుతుంది. ప్రతి ఫైలు తరువాత ఒక ఖాళీ పంక్తిని బ్యాచి ఫైలుచేతనే వేయించాలి.

మూడవది, ఫైళ్ల పేర్ల మధ్య ఖాళీలు ఉండరాదు. ఫర్ ఆజ్ఞ ప్రత్యేకంగా చెప్పకపోతే ఖాళీ వరకే పేరు అనుకొంటుంది. అలాగే కాపీ ఆజ్ఞతో, మధ్య కూడిక గుర్తు పెట్టి కలిపేవారు మరొకటి గమనించాలి. అది మామూలుగా 26వ నంబరు సంకేతం కనబడగానే ఫైలు పూర్తయిందనుకొని ఆగిపోతుంది. ఇది పాత డాస్ కాలపు అలవాటు.

నాలుగవది, మనవంటివారికి ముఖ్యమైనది, తెలుగు. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గదులు కేటాయించారు. అంతమాత్రాన అన్ని ఫైళ్లు ఒకేరకంగా ఉండవు. పాత నోట్‌ప్యాడ్ తానుగా ఎంచుకొనే పద్ధతిలో తెలుగును భద్రపరిస్తే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలై శాశ్వతంగా పోతాయి. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడేసి బైట్లు, యూటీఎఫ్-16లో రెండేసి. ఒకదాని చివర మరొకదాన్ని అతికిస్తే సగం తెలుగు, సగం పిచ్చిగీతలు అవుతాయి. 2019 నుండి నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8నే సహజ పద్ధతిగా తీసుకొన్నది. అంతకుముందువి ఉంటే అన్నిటినీ ఆ పద్ధతికి మార్చుకొని, ఆ తరువాతనే కలపాలి.

ఆ రాత్రి చేసినది

నాన్నగారి ప్రశ్న విన్న తరువాత ఆ రాత్రి నేను చేసిన పని చెప్పి ముగిస్తాను. మొదట ఫోల్డరు మొత్తాన్ని వేరొకచోట నకలు తీసి ఉంచాను. అసలును ముట్టుకోలేదు. నెలల పట్టికను ముందు పెట్టుకొని 85 హిజ్రీ పేర్లను ఇంగ్లీషు తేదీలుగా మార్చాను. బ్యాచి ఫైలును మరల నడిపాను. తరువాత మూడు పరీక్షలు చేశాను. శీర్షికలు 121 ఉన్నవా? ఉన్నవి. ఒకే తేదీ రెండుసార్లు వచ్చినదా? రాలేదు. వరుసగా ఏడు రోజులలో ఆదివారం నుండి శనివారం వరకు అన్ని వారాలు ఉన్నవా? ఉన్నవి. నాలుగవ పరీక్షను నాన్నగారు చేశారు. సంక్రాంతి, శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి ఒకదాని వెంట ఒకటి వచ్చినవని చూచుకొని, "ఇప్పుడు సరిగా ఉన్నది" అన్నారు.

మరునాడు డాక్టరుగారు ఆ కాగితాలు చూచి, మోతాదు పెంచనవసరం లేదన్నారు. అదే మాత్రలు, అదే పథ్యం కొనసాగించమన్నారు.

ఈ అనుభవం ఒక్క నాది కాదనుకొంటాను. సౌదీ ప్రాథమిక పాలనా చట్టం 1992లో హిజ్రీనే దేశపు క్యాలెండరుగా పేర్కొన్నది. 2016 అక్టోబరు నుండి ప్రభుత్వోద్యోగుల జీతాలను ఇంగ్లీషు నెలల ప్రకారం లెక్కించడం మొదలుపెట్టారు. 2023లో అధికారిక వ్యవహారాలలో గడువులను ఇంగ్లీషు క్యాలెండరుతో లెక్కించడానికి మంత్రివర్గం ఆమోదించింది. కాని పాత కాగితాలు పాత తేదీలతోనే ఉంటాయి. ఇరవై సంవత్సరాలు ఇక్కడ పనిచేసినవారి ఒప్పందాలు, జీతపు చీటీలు, పిల్లల టీకాల లెక్కలు, మన సంఘం సమావేశాల నివేదికలు, అన్నిటిలోను రెండు కాలగణనలు కలిసి ఉన్నవి. ఉద్యోగం విరమించి స్వదేశం వెళ్లేనాడు సర్వీసు ఎన్ని సంవత్సరాలని లెక్కవేసేటప్పుడు, ఎప్పుడు ఏది జరిగిందన్న వరుసమీదనే రావలసిన సొమ్ము ఆధారపడుతుంది. 33 హిజ్రీ సంవత్సరాలు మనకు 32 మాత్రమే గదా!

కాబట్టి పాఠకులకు నా మనవి ఇది. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు సంవత్సరం, నెల, రోజు అన్న క్రమంలో, ఒకే క్యాలెండరులో, మీ చేతితో మీరే తేదీ వ్రాయండి. హిజ్రీ తేదీ అవసరమైతే ఫైలు లోపల మొదటి పంక్తిలో వ్రాయండి. ఇంకొక పంక్తిలో ఆనాటి తిథినో, పండుగనో, వానపడిందనో, అమ్మ ఫోను చేసిందనో ఒక ముక్క చేర్చండి. యంత్రానికి దానితో పని లేదు. కాని వరుస తప్పినప్పుడు పట్టించేది అదే. మా ఇంట శివరాత్రి ఉపవాసం పట్టించినట్లు.